సున్నం పడిన నీళ్లు

మా ఎకరన్నర వరిచేను రొయ్యల చెరువైన రెండో ఏడు నాకు చదవడం వచ్చింది. నలభై దాటాక, సాయంత్రం బడిలో నేర్చుకున్నాను. అప్పటికి నేను తడుముకోకుండా చదవగలిగిన కాగితం ఒక్కటే. నీటి పరీక్ష డబ్బాతోపాటు బందరు కొట్టువాడు ఇచ్చినది.

దివిసీమలో మావాళ్లు నీటిని నాలుకతోనే చూస్తారు. వరి వేసే రోజుల్లో ఉప్పు ఎంత ఎక్కిందో అలాగే తెలుసుకునేవారు. మా ఆయన అన్నగారు, అంటే మా బావగారు, మాకంటే ముందు చెరువు తవ్వినవారు. దోసిట్లో నీళ్లు తీసుకుని, పుక్కిలించి ఉమ్మి, ఏ జబ్బుకైనా ఒకటే చెప్పేవారు: "సున్నం కొట్టు."

ఆ మధ్యాహ్నం నీళ్లు ఆకుపసరులా చిక్కబడ్డాయి. పొద్దుట వేసిన మేత ముట్టకుండా ఉంది. రొయ్యల పట్టుబడికి ఇంకా మూడు వారాలే. సీసాలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేశాను. నీలం తిరిగింది. డబ్బా మీది రంగులతో పోల్చితే తొమ్మిది. కాగితంలో ఏడుకు దిగువ పులుపు, ఎగువ క్షారం అని ఉంది. తొమ్మిది పక్కన 'సున్నం వేయరాదు' అని ఉంది. వేలు పెట్టి రెండుసార్లు చదివాను.

"ఇందులో సున్నం వద్దని ఉందండీ," అన్నాను మా ఆయనతో.

బావగారు నవ్వారు. "నిన్నగాక మొన్న అఆలు దిద్ది, ఇవాళ చెరువుకు వైద్యమా అమ్మా? నేను నోట్లో పోసుకుని చూశాను. పుల్లగా ఉంది."

ఆయన అప్పుడే పుల్లమజ్జిగ అన్నం తిని వచ్చారు. వడ్డించింది నేనే.

"అన్నయ్య ఎన్ని పంటలు తీశాడే! తట్ట అందుకో," అన్నారు మా ఆయన.

అందుకున్నాను. గట్టంతా తిరిగి తట్టలు అందించాను. తెల్లటి దుమ్ము నీటి మీద వాలుతుంటే కళ్లు మండాయి.

ఆ తరువాత కొన్నాళ్లకు మా అమ్మాయి పదో తరగతి పుస్తకం పట్టుకుని, తనను అడిగి అడిగి తెలుసుకున్నాను. మిగిలిన మేత, రొయ్యల పెంట కుళ్లి అమోనియా పుడుతుంది. నీటిలో క్షారం తక్కువగా ఉన్నప్పుడు అది ఒక హైడ్రోజన్‌ను అదనంగా పట్టుకుని ఉంటుంది. అలా ఉన్నంతవరకు రొయ్యకు అంత హాని లేదు. సున్నం పడితే ఆ హైడ్రోజన్ ఊడిపోతుంది. ఒంటరిదైన అమోనియా మొప్పల్లోకి చొరబడుతుంది. నీటి రంగు మారదు. ఏమీ కనిపించదు.

సున్నం కొట్టిన మర్నాడు తెల్లవారేసరికి గట్టు మీద కొంగలు వరుస కట్టి ఉన్నాయి. మనుషులు వస్తున్నా లేవలేదు. నీటి అంచంతా రొయ్యలు వెల్లకిలా పడి ఉన్నాయి.

"వైరస్ రా," అన్నారు బావగారు. "గాలివాటుకు వచ్చింది. మనమేం చేస్తాం?"

మా ఆయన మోకాలిలోతు నీళ్లలో నిలబడి నా వైపు చూశారు. ఆయన చేతుల మీద సున్నానికి పగిలిన చర్మం. "నువ్వు చదువుతావుగా. వైరస్సేనంటావా?"

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నన్ను ఒక మాట అడిగి, జవాబు కోసం ఆగడం అదే మొదటిసారి.

"వైరస్సేనండీ," అన్నాను.

ఆయన ముఖం తేటపడింది. పై పంటకు పిల్ల రొయ్యల కంటే ముందు ఇంటికి చేరినవి సున్నం బస్తాలు.