భేలేల ఇళ్ళ మీదుగా సముద్రానికి

జోలిలే ముప్పై ఒక్క ఏళ్ళు కొమానీ బస్టాండులో టైమ్ కీపరుగా చేశాడు. ఆయన ఈల వేస్తే బస్సు కదలాల్సిందే, డ్రైవరు నోట్లో రొట్టెముక్క ఉన్నా సరే. ఊరందరినీ వేళకు పంపించిన ఆ మనిషి సొంత కూతురి విషయంలో మాత్రం ఏనాడూ వేళకు లేడు. లతీతాకు సముద్రం చూపిస్తానని తొమ్మిదో ఏట మాటిచ్చాడు. పన్నెండో ఏట మళ్ళీ ఇచ్చాడు. పద్నాలుగో ఏట ఒట్టు కూడా వేశాడు. ప్రతి సెలవులకీ బస్టాండు అడ్డొచ్చింది. మార్చిలో రిటైరయ్యాక ఇక వంక చెప్పుకోవడానికి బస్టాండు కూడా మిగల్లేదు, పిల్లకేమో పదహారేళ్ళు నిండాయి.

మూడు నెలలు కూర్చుని ప్రయాణం రాశాడు. పొడుగాటి నోటుపుస్తకం, స్కేలు, రెండు రంగుల సిరా. ద్వేసా అడవిలో, సముద్రపు ఒడ్డున, మూడు రాత్రులు గుడారాల్లో మకాం. పాత వ్యానులో తను, భార్య మారడేబే, లతీతా, చెల్లెలు నోసిఫో, ఆమె పదిహేడేళ్ళ కొడుకు ఆంగా. 'బయలుదేరుట 5:40' అని మొదలుపెట్టి, 'మూత్ర విరామం, నాలుగు నిమిషాలు', 'లతీతా అలక, పది నిమిషాలు' అని కూడా రాశాడు. అది చూసి ఆ పిల్ల రెండు రోజులు అలిగింది. అంత అలకకు పుస్తకంలో చోటు లేదు.

"మామయ్యా, ఫోన్లో అయితే ఐదారు గంటల దారే," అన్నాడు ఆంగా. "నీ పుస్తకంలో మేక మేసినట్టు అటూ ఇటూ తిరుగుతోందేం?"

"అవన్నీ భేలేల ఇళ్ళురా. ఆ గుంతల దారిలో బండి ఆగిపోతే నీ ఫోను దిగి తోస్తుందా?"

భేలే ఆయన వంశం పేరు. వాళ్ళ వైపు ఇద్దరు కొత్తవాళ్ళు కలిస్తే ముందు అడిగేది వంశమే. ఒకే వంశమని తేలితే ఇక అన్నదమ్ములే. పిల్లనిచ్చి పుచ్చుకోకూడదు, తిండి పెట్టకుండా పంపకూడదు. పెళ్ళయినా ఆడవాళ్ళ పుట్టింటి వంశం మారదు. రడేబేల ఆడపడుచు కాబట్టే జోలిలే భార్యను అందరూ మారడేబే అంటారు. జోలిలేకు తన వంశమంటే ఎంత గొప్పంటే, టీ కొట్టు ఆవిడకు కూడా చిల్లరతో పాటు తాతల పేర్లు వినిపించి వచ్చేవాడు. అలాంటివాడు దారిలో నాలుగు భేలే ఇళ్ళు వెతికి పట్టుకుని, ఒక్కో ఇంటికి 'పలకరింపు, పదిహేను నిమిషాలు' అని రాసుకున్నాడు. పదిహేను నిమిషాల్లో గొర్రెను పట్టుకోవడమే కష్టం, కోసి వండడం తర్వాతి మాట. ముప్పై ఒక్క ఏళ్ళు గడియారం చూసిన మనిషికి ఆ సంగతి తట్టలేదు.

గురువారం మొదటి ఇంట్లో ముసలాయన 'భేలే' అన్న మాట వినగానే కళ్ళనీళ్ళు పెట్టుకుని, కొడుకును గొర్రెల దొడ్డికి పంపాడు. రాత్రి అక్కడే. వీళ్ళు బయలుదేరీ బయలుదేరకముందే ఆయన రెండో ఇంటికి ఫోను కొట్టాడు.

"అక్కడ గొర్రె తిని ఇక్కడ ఉత్త టీ తాగి పోతారా?" అంది రెండో ఇంటావిడ. "మేమేం, భేలేలం కామా?"

శుక్రవారం రాత్రి కూడా అలా గడిచింది. శనివారం మూడో ఇంట్లో మధ్యాహ్నం భోజనం. ఆ ఇంటివాళ్ళను బతిమాలి బయటపడేసరికి మూడు దాటింది. ఆదివారం పొద్దున్నే తిరుగు ప్రయాణం, సోమవారం బడి.

"నాన్నా," అంది లతీతా వెనక సీట్లోంచి, "ఇవాళ కూడా చూపించలేకపోతే ఇంకెప్పుడూ నాకు మాటివ్వకు. చాలు."

అరిచి ఉంటే ఆయనకు అలవాటే. ఆ పిల్ల అరవలేదు. జోలిలే గడియారం చూసుకున్నాడు. ఐదయింది, అడవి గేటు ఆరింటికి మూస్తారు, ఇంకా నలభై నిమిషాల దారి ఉంది. నాలుగో ఇంట్లో ఆగేది లేదని అప్పుడే అనుకున్నాడు.

ఆ ఇల్లు దారి పక్కనే ఉంది. దారికి అడ్డంగా ఆవులు, ఆవుల మధ్య చేతికర్రతో ఒక ముసలావిడ. హారన్ కొడితే ఆవులూ కదల్లేదు, ఆవిడా కదల్లేదు. కిటికీ దగ్గరికి తీరిగ్గా నడిచి వచ్చింది.

"ఎవరి పిల్లలు నాయనా మీరు?"

జోలిలే కిటికీ అద్దం దించాడు. "రడేబేలం, అవ్వా."

నోసిఫో దెబ్బ తగిలినట్టు 'అమ్మా' అంది. లతీతా చెవుల్లోంచి ఫోను పాటల తీగలు పీకేసింది.

"రడేబేలా! ఓరి నా తమ్ముడా!" ముసలావిడ కర్ర అవతల పారేసి ఆయన చెయ్యి పట్టేసుకుంది. "నేనూ రడేబే పిల్లనే! ఈ భేలేల ఇంటికి కోడలిగా వచ్చి యాభై ఏళ్ళయింది, పుట్టింటి వైపు నుంచి ఒక్క పురుగు నా గడప తొక్కలేదు. ఇవాళెవరో భేలేలు వస్తున్నారని గొర్రెను కోయించాను. వాళ్ళ మొహం! ముందు మీరు తినండి!"

ఆనందం పట్టలేక తన తాతల పేర్లు అందుకుంది. రెండు పేర్లు పాడి, మిగతావి తమ్ముడు అందుకుంటాడని ఆగింది. జోలిలే తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఆ పేర్లన్నీ మారడేబేకు నోటికి వచ్చు. కానీ మారడేబే వాటిని అందించలేదు, భర్త చెవి దగ్గరికి వంగింది.

"చెప్పన్నయ్యా! నువ్వు రడేబేవైతే మనిద్దరం అన్నాచెల్లెళ్ళమేగా. మరి ఇరవై ఏళ్ళ కాపురం ఏం చేద్దాం?"

తండ్రి మొహం చూసి లతీతా తలుపు తీసుకుని దిగింది.

"అవ్వా, ఆ భేలేలం మేమే. నాకు సముద్రం చూపిస్తానని మాటిచ్చాడు. అడవి గేటు మూసేస్తారని నాన్న అబద్ధమాడాడు, నా కోసమే." తండ్రి వైపు తిరిగింది. "దిగు నాన్నా. నువ్వెవరివో దాచుకుని పోవలసినంత సముద్రం నాకొద్దు."

ముసలావిడ వంగి కర్ర తీసుకుంది. వ్యాను ముందు రేకు మీద ఒక్కటేసింది.

"తాతల పేరు రోడ్డు మీద పారేస్తావురా? ఈ ఇంటి కోడల్ని, నీకు తల్లి వరస. దిగు!"

జోలిలే దిగి, టోపీ తీసి, తల వంచుకుని నిలబడ్డాడు. ఆవిడ ఊపిరి తీసుకుని మళ్ళీ అడిగింది, "గేటేమిటి? సముద్రానికి గేటెవడు పెట్టాడు?"

"అడవికమ్మా. పుస్తకంలో రాసుకున్నాను..."

"నీ పుస్తకం పాడుగాను! ఈ ఆవుల కాళ్ళు చూడు."

చూశారు. గిట్టలకు తడి ఇసుక ఇంకా ఆరలేదు.

"పొద్దుటి నుంచి ఒడ్డునే పడి ఉన్నాయి, ఇప్పుడే తోలుకొచ్చాను. ఆ గుట్ట దాటితే నీళ్ళే. గొర్రె ఉడికేలోపు చూసి రావచ్చు, పదండి."

దొడ్డి వెనక కాలిబాట పట్టారు. ఇంటికి మళ్ళిన ఆవులు కూడా వీళ్ళ వెంటే వెనక్కి నడిచాయి. గుట్ట ఎక్కగానే లతీతా గట్టిగా అరిచి కిందికి పరుగెత్తింది. ఆంగా తీసిన ప్రతి ఫొటోలోనూ ఏదో ఒక ఆవు అడ్డం పడింది. మారడేబే, నోసిఫో చీలమండల దాకా నీళ్ళలో దిగి, ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకుంటూ చిన్నపిల్లల్లా నవ్వారు. జోలిలే పొడి ఇసుక మీదే ఆగిపోయాడు.

"నాన్నా!" లతీతా మోకాటి లోతు నీళ్ళలోంచి అరిచింది. "నువ్వు చూసినప్పుడు కూడా ఇంతేసి అలలున్నాయా?"

"నేనెప్పుడు చూశానే," అన్నాడు జోలిలే. "నా పని పంపించడమేగా."

ఆ పిల్ల ఒక్క క్షణం ఆయన్నే చూసింది. గట్టుకొచ్చి, చెయ్యి పట్టుకుని, బూట్లతోనే నీళ్ళలోకి లాక్కుపోయింది. ఆయన అబ్బా, చలే అన్నాడు గానీ చెయ్యి విడిపించుకోలేదు.

"గొర్రె చల్లారిపోతుందర్రా!" గుట్ట మీంచి ముసలావిడ కేక వేసింది.

"వస్తామమ్మా, ఇంకాసేపు," అన్నాడు జోలిలే, ఎంతసేపో చెప్పకుండా.