ఆ బొబ్బలు ఆమె మేకప్ వల్ల రాలేదు

మా పెద్దమ్మాయి పెళ్లినాడు ఆమె చెంప మీద లేచిన బొబ్బలకు కారణం జహీరాబాద్‌లోని ఆ పార్లర్ అమ్మాయి కాదు. ఈ మాట ముందే రాసేస్తున్నాను. ఎందుకంటే కారణం ఆమేనని మొదట రాసింది నేనే, అదీ అందరూ చదివే చోట.

ఆమె మా వీధి చివరి టైలర్ కూతురు. బస్టాండు వెనక మేడమీద ఒక గదిలో పార్లర్ నడుపుతుంది. ఫోన్ ముందు కూర్చుని వీడియోలు చేస్తుంది. చామనఛాయ పిల్లలను తెల్లపొడి కొట్టకుండా ఎలా ముస్తాబు చేయాలో ఉర్దూ కలిసిన తెలుగులో గలగలా చెబుతుంది. న్యాల్‌కల్ అవతల కర్ణాటక పల్లెల నుంచి కూడా పెళ్లికూతుళ్లు ఆమెను వెతుక్కుంటూ వచ్చేవారు. మా అమ్మాయి కూడా ఆమే కావాలని పట్టుబట్టింది. ముస్తాబును వీడియో తీసి పెడతానని ఆమె అడిగితే సంబరంగా ఒప్పుకుంది. నాకే నచ్చలేదు. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో రంగులు వేసే విభాగంలో పనిచేస్తాను. "గీమాత్రం పెయింటింగ్ నేనే చేస్త గదా" అని ఇంట్లో ఎగతాళి చేశాను.

పెళ్లినాటి ఉదయం ముస్తాబు చూశాక ఎగతాళి మాని ఊరుకున్నాను. అంత బాగుంది పిల్ల. సాయంత్రానికి చెవి కింద దురద అంది. మేకప్ కడిగేసరికి చెవి వెనక నుంచి చెంప దాకా ఎర్రటి దద్దు, దాని మీద నీటి బొబ్బలు.

"ఎవరితోని చేయించిన్రు?" అని అడిగింది వియ్యపురాలు. అంతే అడిగింది. ఆ మాత్రానికే నాకు తల కొట్టేసినట్టయింది. బొబ్బల ఫోటో తీసి ఆ పార్లర్ పేజీలో పెట్టాను. కింద "పెళ్లికూతుళ్ల ముఖాలు కాల్చే పార్లర్. తల్లిదండ్రులారా జాగ్రత్త" అని రాశాను. అమ్మాయిని అడగలేదు. పార్లర్‌కు ఫోన్ చేయలేదు. తెల్లారేసరికి ఆ ఫోటో జహీరాబాద్ వాళ్ల ఫోన్లన్నీ తిరిగింది. ఎవరో దానికి నవ్వుల చప్పుడు జోడించి వీడియో చేశారు. కొందరు ఆమె మతాన్ని లాగి రాసినవి ఇక్కడ మళ్లీ రాయలేను. వాటిని చదివి నేను ఒక్కరికీ అడ్డు చెప్పలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం మా అమ్మ ఎడమచేత్తో చెంచా పట్టుకుని అన్నం తింటూ కనిపించింది. ఎన్నడూ చెంచా ముట్టని మనిషి.

"చేతికేమైందే అమ్మా?"

"ఏం లేదు తియ్. నువ్వు తినురా."

నా భార్య ఆమె కొంగు కింద నుంచి కుడి చెయ్యి బయటికి లాగింది. బొటనవేలికీ చూపుడువేలికీ అవే బొబ్బలు. మా అమ్మకు ఎవరూ మేకప్ వేయలేదు.

మా ఇళ్లలో పెళ్లిపిల్లకు దిష్టి తగలకూడదని నల్లజీడి గింజను సూదితో గుచ్చి దీపం మీద కాస్తారు. ఊరిన నల్లటి రసంతో చుక్క పెడతారు. ఆ రసం చర్మాన్ని కాలుస్తుంది, అదీ ఒకటి రెండు రోజులు ఆగి. అందుకే అరికాలికి పెట్టి వదిలేస్తారు. పెళ్లికి రెండు రోజుల ముందు, పసుపు పెట్టిన రోజు మా అమ్మ మాత్రం చెవి వెనక పెట్టింది.

"ఫోన్ల వేలమంది చూస్తరంటిరి గదరా," అంది తల వంచుకుని. "గన్ని కండ్లకు కాలి చుక్క ఆగుతదా?"

ఆ రోజే ఆ ఫోటో, నా రాత తీసేశాను. అంతకు మించి ఏమీ చేయలేదు. నిజం చెబితే మా అమ్మ పేరు చెప్పాలి, అది వియ్యాలవారి చెవిన పడుతుంది. తీసేశాను కదా, చాలని సర్దుకున్నాను.

కొన్ని వారాలకు అమ్మాయి పుట్టింటికి వచ్చింది. దద్దు మానింది, లేత మచ్చ మిగిలింది. వచ్చీ రాగానే నిలదీసింది.

"డాడీ, ఆ పార్లర్ల పెళ్లి బుకింగులన్నీ క్యాన్సిల్ అవుతున్నయట. షాపు బంద్ చెయ్యమని వాళ్ల నాయిన అన్నడట. నా ముఖం పెట్టి తిట్టించినవ్. సంగతి తెలిసినంక గూడ నోరు మూసుకుంటవా?"

"మీ అత్త ఏమనుకుంటదోనని..."

"అత్తకు నేనెప్పుడో చెప్పిన. నవ్వింది. వాళ్లింట్ల గూడ పెడ్తరట. కాలికి!"

మర్నాడే బయల్దేరాను. మా అమ్మ చెప్పులేసుకుని ముందే గుమ్మంలో నిలబడింది. "పెట్టింది నేనైతే నువ్వేం చెప్తవ్?" అంది.

పార్లర్ ఖాళీగా ఉంది. ఆ అమ్మాయి అద్దాల మీది బల్బులు ఊడదీస్తోంది. నేను తడబడుతూ మొత్తం చెప్పాను. తీసేశానని కూడా చెప్పాను.

"తీసేస్తే అయిపోయిందా అంకుల్? ఊరంతా చదివినంక తీసేసిన్రు. మా అబ్బా టైలర్ దుకాణంకాడికొచ్చి మరీ అడిగిన్రు. నాకు ఒక్క ఫోన్ చెయ్యకపోతిరి."

మా అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "నేనే పెట్టిన బిడ్డా. నా మనవరాలికి దిష్టి తాకద్దని పెడితే, పోయి నీకు తాకింది."

ఆ అమ్మాయి నవ్వలేదు. ఊడదీసిన బల్బు ఒకటి తిరిగి బిగించి, ఫోన్ స్టాండుకు తగిలించింది. "గిదే మాట ఇక్కడ కూసొని చెప్పుండ్రి. ఇద్దరు."

పెళ్లికూతుళ్లు కూర్చునే కుర్చీలో కూర్చుని చెప్పాను. నా తప్పు నేను చెప్పాను, చుక్క సంగతి మా అమ్మ చెప్పింది. మా అమ్మాయిని ఈసారి ముందే అడిగాను; ఫోన్లోనే ఒప్పుకుని, మానిన చెంప ఫోటో తనే పంపింది.

తిట్లు ఈసారి నా వైపు తిరిగాయి. ఫ్యాక్టరీలో "ఫేషియల్ ఎప్పుడు అన్నా?" అని ఇప్పటికీ ఆటపట్టిస్తారు. పడతాను. కానీ ఆ వీడియో కింద ఆడవాళ్లు తమ ఇళ్లలో నల్లజీడితో జరిగినవి రాయడం మొదలుపెట్టారు. తిట్టినవాళ్లలో అందరూ కాదు గానీ, కొందరు క్షమించమన్నారు.

మొన్న మా అమ్మ "ఆ పిల్లను చూసొద్దాం పా" అంటే మళ్లీ తీసుకెళ్లాను. షాపు బంద్ మాట వాళ్ల నాన్న ఇప్పుడు ఎత్తడం లేదని ఆ అమ్మాయి చెప్పింది. కూర్చోమని చాయ్ పోస్తుండగా కింద ఆటో ఆగింది. ఝరాసంగం నుంచి పెళ్లిపిల్ల, తల్లి, ఇద్దరు మేనత్తలు మెట్లెక్కి వస్తున్నారు. మొదట క్యాన్సిల్ చేసుకున్నవాళ్లేనట.

ఆ అమ్మాయి చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టి తలుపు వైపు చూపించింది. "అంకుల్, జర బయట కూసొని తాగుండ్రి. ఈ దాదీ లోపలుంటది గానీ, మగవాళ్లను లోపలికి రానియ్య."

గ్లాసు పట్టుకుని, వాళ్లకు దారి ఇచ్చి, మెట్ల మీద కూర్చున్నాను.