వెనక బ్యాటరీకి చేరని కరెంటు

మా అక్కకు చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. చంకకర్రల మీదే చదువుకుంది, చంకకర్రల మీదే బ్యాంకులో ఉద్యోగం చేసి రిటైరైంది. అరవై దాటాక భుజాలు అరిగిపోయి చక్రాల కుర్చీలోకి మారింది. నేను కార్పొరేషన్ బడిలో తెలుగు చెప్పేదాన్ని. ఇద్దరం పెళ్లిళ్లు చేసుకోలేదు. పెరంబూరులో ఒకే ఇంట్లో ఉంటున్నాం.

నేనూ రిటైరైన ఏడాది, ఒక బడివాళ్లు అమ్మేసిన పాత వ్యాను కొన్నాం. సీట్లు పీకించి రెండు పడకలు, చిన్న ఫ్రిజ్, ఫ్యాను, వెనక మూల బాత్రూము పెట్టించాం. వెనక తలుపు దగ్గర లిఫ్టు బిగించారు. బటన్ నొక్కితే అక్క కుర్చీతో సహా నేల మీదికి దిగుతుంది. ఈ సామానంతటికీ వ్యాను వెనకాల వేరే బ్యాటరీ ఉంది. ఇంటి దగ్గర ప్లగ్గు పెట్టి దాన్ని నింపుకోవచ్చు. దారిలో అయితే ఇంజను తిరుగుతుంటే దానంతటదే నిండాలి. నడిపేది నేనే.

మొదటి రెండు నెలలు ఏ ఇబ్బందీ రాలేదు. మహాబలిపురం వెళ్లాం, వేడంతాంగల్ వెళ్లి పక్షుల్ని చూశాం. ఆ తర్వాత ఒకరోజు, పొద్దుటి నుంచీ తిరిగి తిరిగి ఎన్నూరులో ఏరు సముద్రంలో కలిసేచోట వ్యాను ఆపాను. అక్క కుర్చీని లిఫ్టు మీదికి ఎక్కించి బటన్ నొక్కాను. సగం దిగి ఆగిపోయింది. కిందికీ పోదు, పైకీ రాదు. నేల నుంచి రెండడుగుల ఎత్తులో, ఎండలో, అక్క అట్లా వేలాడుతూ ఉండిపోయింది. నేను బటన్‌ను మళ్లీ మళ్లీ నొక్కుతూనే ఉన్నాను.

"కంగారు పడొద్దు. ఈడ నుంచి ఏరు బాగానే కనిపిస్తా ఉండాది," అంది అక్క.

పడవల పక్కన వల సరిచేసుకుంటున్న నలుగురు మా వైపు చూశారు. నేను పిలవకముందే లేచి వచ్చారు. భయపడొద్దని తమిళంలో చెబుతూ, తలా ఒక మూల పట్టి కుర్చీని పసిబిడ్డను దించినట్టు దించారు. లిఫ్టును చేత్తోనే లోపలికి తోసి తాడుతో కట్టారు. అక్కను నీటి అంచు దాకా తీసుకెళ్లి, ఆమె చాలన్న దాకా అక్కడే నిలబడి, మళ్లీ ఎత్తి వ్యానులో కూర్చోబెట్టారు. వాళ్ల పేర్లయినా నేను అడగలేదు. ఆ సంగతి ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది.

ఆ తర్వాత ఒక మెకానిక్ బ్యాటరీ మార్చాడు. ఇంకొకాయన ముందు నుంచి వెనక్కి కరెంటు పంపే పరికరం మార్చాడు. ఇంటి దగ్గర ప్లగ్గు పెట్టి నింపి తీసుకెళ్తాం కాబట్టి, వాళ్ల షెడ్డులో అన్నీ చక్కగా పనిచేసేవి. దారిలో పడి సగం రోజు గడిచేసరికి ఫ్యాను నీరసించేది, లిఫ్టు మొరాయించేది. మూడోసారి అట్లా అయినప్పుడు, ఈ బండి అమ్మేద్దామని విసుక్కున్నాను. ఆ రోజు నుంచి అక్క ఎక్కడికైనా పోదామని అడగడం మానేసింది. అది చూసి నాకు నా మీదే కోపం వచ్చింది.

అంబత్తూరులో లారీలకు వైరింగ్ చేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడని మా వీధిలో పాల వ్యాను నడిపే అతను చెప్పాడు. ఈసారి ప్లగ్గు పెట్టకుండా, బ్యాటరీ ఎట్లా ఉందో అట్లాగే తీసుకెళ్లాం. డెబ్భై ఏళ్లుంటాయి ఆయనకు. మేం తెలుగులో మాట్లాడుకోవడం విని తెలుగులోనే పలకరించాడు. వాళ్లదీ మాలాగే ఎన్నో తరాల కింద ఈ ఊరొచ్చిన కుటుంబమట. పనిముట్లు ముట్టుకోకుండా ముందు మా ఎదురుగా స్టూలేసుకుని కూర్చున్నాడు.

"ఎప్పుడు చెడిపోయిందో నాకొద్దమ్మా. ఎందాకా బాగుండిందో అది దా కావాల," అన్నాడు, తమిళంలోలా మాట చివర 'దా' అని ఒత్తి పలుకుతూ.

నాకు తట్టలేదు. అక్కకు తట్టింది. "ఉప్పుగాలికి తుప్పు పడతా ఉండాదని బండి అడుగునంతా రంగేయించినాం. అంతవరకూ బాగుండె."

ఆయన తల ఊపి, ఇంజను ఆన్ చేసి పెట్టమన్నాడు. మీటరు తీసుకుని దాని రెండు వైర్లూ నా చేతికిచ్చాడు. నేను వెనక్కి తగ్గాను. "బండి తోలేది మీరు దానే? మీరు చూస్తే దా రేపు దోవలో పనికొస్తాది," అన్నాడు. మీటరును అక్క ఒళ్లో పెట్టి అంకెలు చదవమన్నాడు.

ముందు బ్యాటరీ దగ్గర పట్టాను. పద్నాలుగు పాయింటు రెండు అని చదివింది అక్క. వెనక బ్యాటరీ దగ్గర పన్నెండు పాయింటు నాలుగు.

"ఆడ బయల్దేరింది ఈడికి చేరలా. దోవలో ఏడనో ఆగిపోతా ఉండాది," అన్నాడాయన.

ప్లస్ వైరు పొడవునా చూశాం, లోపం లేదు. అప్పుడు మీటరు వైరు ఒకదాన్ని వెనక బ్యాటరీ మైనస్ మీద, రెండోదాన్ని ముందు వైపు ఇనుము బయటపడ్డ బోల్టు మీద పట్టమన్నాడు. మైనస్‌కూ బండి ఇనుముకూ మధ్య ఏమీ చూపించకూడదట. ఒకటిన్నర పైగా చూపించింది. ఆయన వ్యాను కిందికి దూరి, మైనస్ వైరును బండికి బిగించిన బోల్టు విప్పి, నన్నూ వంగి చూడమన్నాడు. రంగు వేసినవాళ్లు వైరు విప్పి, ఇనుము మీద మందంగా పూసి, ఆ రంగు మీదే మళ్లీ బిగించేశారు. కరెంటు తిరిగి పోవడానికి దారి మూసుకుపోయింది. పాత బ్యాటరీకి అసలు ఏ జబ్బూ లేదన్నమాట. దాన్ని నేను అనవసరంగా వదిలించుకున్నాను.

ఇంజను ఆపి గరుకు కాగితం నా చేతికే ఇచ్చాడు. ఇనుము తళతళలాడే దాకా రుద్దాను. బోల్టు ఆయన బిగించి, పైన గ్రీజు పూశాడు. మళ్లీ ఇంజను ఆన్ చేసి వెనక బ్యాటరీ దగ్గర మీటరు పట్టాను.

"పదమూడు పాయింటు తొమ్మిది," అంది అక్క. ఎప్పుడూ తొణకని మనిషి, ఆ అంకెను ఎవరూ అడక్కుండానే రెండోసారి కూడా చదివింది.

ముప్ఫై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పాను. తెలియని మనిషికి అంత ఓపికగా చేయి పట్టి నేర్పడం నేను ఆయన దగ్గరే చూశాను. అదే మాట ఆయనతో అంటే నవ్వి, ఇంకో లారీ కిందికి వెళ్లిపోయాడు.

ఆ నెలాఖరున దక్షిణంగా బయల్దేరాం. పాండిచ్చేరి, చిదంబరం దాటి మూడో రోజు మధ్యాహ్నం తరంగంబాడిలో ఒక చెట్టు నీడన ఆపి నిద్రపోయాను. లేచి చూస్తే అక్కా లేదు, ఆమె కుర్చీ లేదు. వెనక తలుపు తీసి ఉంది. లిఫ్టు నేల మీద ఉంది.  కిటికీలోంచి చూస్తే, వీధి చివర టీ కొట్టు దగ్గర కుర్చీలో కూర్చుని, గ్లాసు చేత్తో పట్టుకుని, కొట్టతనితో తమిళంలో ఏదో గట్టిగా వాదిస్తోంది.

కుర్చీలోకి మారిన దగ్గర్నుంచీ ఆమె నాకు చెప్పకుండా, ఎవరి సాయమూ అడగకుండా గడప దాటడం నేనెరగను. పిలుద్దామని నోరు తెరిచి, మానుకున్నాను. మళ్లీ పడుకుని, ఆమె తనంతట తాను వచ్చేదాకా కళ్లు మూసుకున్నాను.