తీసేసిన తాళంచెవి

సాయంత్రం ఏడున్నరకు మా ఇంటి సర్వర్ జాబితాలో "తాత ఫోన్" అన్న పేరు పక్కన, కనెక్ట్ అయిందని చెప్పే పచ్చచుక్క వెలిగింది. అప్పటికి మా మామయ్య, పిల్లల తాత, పోయి మూడు నెలలు.

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. కంప్యూటర్స్‌లో డిగ్రీ చేసినదాన్ని. ఏం జరిగినా ముందు లాగ్, అంటే సర్వర్ రాసుకునే చిట్టా, చూస్తాను.

మేము వికారాబాద్‌లో ఉంటాం. మామయ్య తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ చూసుకునేవారు. పిల్లల గదిలో కెమెరా పెట్టాం. బయటివాళ్లకు అది దొరక్కుండా ఇంట్లో పాత కంప్యూటర్ మీద, కంటైనర్ అనే విడి అరలాంటి దాంట్లో, మా ఫోన్లకే దారి ఇచ్చే వీపీఎన్ సర్వర్ నడిపాను. ఒక్కో ఫోన్‌కు తాళంచెవి లాంటి ఫైలు ఒకటి. తాళంచెవులన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉంటాయి. కంటైనర్ పాడైనా ఆ ఫోల్డర్ ఉంటే సర్వర్‌ను మళ్లీ నిలబెట్టొచ్చు.

రోజూ ఏడున్నరకు మామయ్య తన ఫోన్‌లో పిల్లలను చూసేవారు. పిల్లలు చెయ్యి ఊపితే, అక్కడినుంచే కెమెరాను రెండుసార్లు కిందికీ పైకీ తిప్పేవారు. తాత తల ఊపాడని పిల్లలు గంతులేసేవారు. ఆయన పోయాక ఆ పేరు తీసెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు.

పచ్చచుక్క చూడగానే అత్తయ్యకు ఫోన్ చేశాను. "ఆపేసి బీరువలనే పెట్టిన బిడ్డా. గా ఫోన్ ఎవరు ముడ్తరు?" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. నేను ఆ తాళంచెవుల ఫోల్డర్‌కు బ్యాకప్, అంటే నకలు, తీసిన రోజు మా ఆయన, "గ్రూపుల వేసి పెట్టు, యాడికి వోదు" అన్నారు. వేశాను. పాస్‌వర్డ్ లేకుండా, పిన్నత్తల అల్లుళ్ల దాకా అందరూ ఉన్న మా ఇంటి వాట్సాప్ గ్రూపులో! ఇంటి తాళాలన్నీ తెచ్చి బస్టాండులో పరిచినట్టు.

"మనోళ్లే ఎవరో అయి ఉంటరు తియ్," అన్నారు మా ఆయన.

"మనోళ్లయితే ఏంది? పిల్లలు పండే గది అది!"



పాత తాళంచెవులన్నీ రద్దు చేశాను. కొత్తవి రెండే చేశాను, నాకొకటి, మా ఆయనకొకటి. ఈసారి బ్యాకప్‌కు పాస్‌వర్డ్ పెట్టి, పెన్‌డ్రైవ్‌లో వేసి దాచాను. అది పనికొస్తుందో లేదో చూడాలిగా. మర్నాడు కంటైనర్‌ను పూర్తిగా తీసేసి, ఆ బ్యాకప్ నుంచే తిరిగి నిలబెట్టాను. జాబితాలో రెండే పేర్లు.

ఏడున్నరకు పిల్లలు అలవాటుగా చెయ్యి ఊపారు. కెమెరా రెండుసార్లు తల ఊపింది.

జాబితాలో మూడో పేరు, "తాత ఫోన్". పక్కన పచ్చచుక్క.

కెమెరా తీగ పీకేసి, దాన్ని గోడ మేకు మీంచి దించేశాను. అది మామయ్యే అయి ఉండాలని దేవుడికి మొక్కుకున్నాను, దయ్యాలను నమ్మని నేను. మామయ్య కాకపోతే, రోజూ గ్రూపులో శుభోదయం పూలు పెట్టేవాళ్లలో ఒకరు. ఆ మొహాలు ఒక్కొక్కటే తలుచుకుంటున్నాను. కానీ నేను చెయ్యని తాళంచెవి వాళ్లకెలా దొరుకుతుంది? లాగ్ మొదటినుంచి చివరిదాకా చదివాను. నాకిప్పటికీ తెలియలేదు.

పొద్దున పాప ఖాళీ మేకు చూసి, "అమ్మా, తాత యాడికి పోయిండు?" అంది.

ఇద్దరినీ దగ్గరికి తీసుకున్నాను. "కనవడనోళ్లకు ఇగ చెయ్యి ఊపొద్దు బిడ్డా," అని చెప్పాను. "తాతకైనా సరే."