సముద్రం వైపు పీట

వానాకాలంలో పోర్ట్ బ్లెయిర్ లైబ్రరీ నుంచి ఏ పాత పుస్తకం తెచ్చి తెరిచినా, బూజు వాసనతో పాటు నాకు ఎండు నెత్తళ్ళ వాసన కూడా వస్తుంది. చిన్నప్పుడు మా ఇంట్లో తడి తగలని చోటు ఎండుచేపల రేకుడబ్బా ఒక్కటే. నా పుస్తకాలు దాని మీదే ఉండేవి. బడిలో నేను చదివింది హిందీ. తెలుగు అక్షరాలు ఆ లైబ్రరీలో మూలనున్న అర ముందు నిలబడి ఒక్కొక్కటే కూడబలుక్కున్నాను, ఆ సంగతి చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. నిన్న తెచ్చింది న్యాయశాస్త్రం పుస్తకం. తెరవగానే ఆ వాసన, దాని వెంటే ఫెర్రీ దాటితే వచ్చే మా బాంబూఫ్లాట్ ఒడ్డు, ఆ ఒడ్డున పీట మీద మా నాయనమ్మ.

ఉత్తరాంధ్ర తీరం నుంచి వలలు తెచ్చుకుని ఈ దీవులకు వచ్చిన కుటుంబాలు మావి. వానలు వెనకబట్టి, సముద్రం నూనెలా పరుచుకునే రోజుల్లో ఒడ్డంతా నెత్తళ్ళు వెండి రేకుల్లా ఎండుతుంటే, పిల్లలం కాకుల్ని తోలుతూ, మధ్యమధ్య గవ్వలాట ఆడేవాళ్ళం. గంగమ్మ పండుగనాడు కొబ్బరిపాల పరమాన్నం, చేపల పులుసు ఒకే ఆకులో ఒకదానిలోకి ఒకటి పారుతుంటే గట్లు కట్టుకుంటూ తినేవాళ్ళం. వలల తగువులు వస్తే నాయనమ్మ దగ్గరికే వచ్చేవి. ఆమె పీటను సముద్రం వైపు తిప్పుకుని, తగువుపడ్డవాళ్ళకి వీపు పెట్టి, వల అల్లుతూ వినేది. "మొకం సూస్తే మనసు వొంగిపోద్ది" అనేది. తీర్పు చెప్పాకే వెనక్కి తిరిగేది.

ఆ పీట పక్కనే పెరిగినవాడు ఆమె తమ్ముడు, మా సింహాచలం చిన్నతాత. తల్లి పోతే ఆమే పెంచింది. కలకత్తా వెళ్ళి లా చదివి, అక్కడికి దగ్గర్లో తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే ఓ రైల్వే ఊరి నుంచి ఎమ్మెల్యే అయ్యాడు. మా దీవులకు అసెంబ్లీ లేదు. ఎమ్మెల్యే అంటే ఏం చెయ్యగలడో మాకు తెలీదు గనక, అన్నీ చెయ్యగలడనుకున్నాం. ఆయన వచ్చినప్పుడు ప్రతి ఒక్కరి ముఖంలోకీ చూసి పేరు పెట్టి పిలిచాడు. వెళ్ళాక నెలల తరబడి మేం కొబ్బరాకు దండలేసుకుని ఎమ్మెల్యే ఆట ఆడాం. తరువాత ఆయన రాజకీయాలు వదిలి మళ్ళీ నల్లకోటు వేసుకున్నాడు, కొన్నేళ్ళకు కలకత్తా హైకోర్టు జడ్జీ అయ్యాడు. మేం కూడా గొడుగు గుడ్డ కప్పుకుని జడ్జీ ఆట మొదలుపెట్టాం గానీ, జడ్జీ మాట్లాడకుండా కూర్చోవాలని తెలిసి ఎవరూ జడ్జీగా ఉండనన్నారు.

అప్పుడే ఒక కలప డిపో యజమాని మా చేపలెండబెట్టే ఒడ్డు తనదన్నాడు. కింది కోర్టులో మేం ఓడిపోయాం. ఒడ్డు పోతే ఆ వాడలో పొయ్యి వెలగదు. అప్పీలు వేశాం. మా దీవులకూ కలకత్తా హైకోర్టే గనక, అక్కడి జడ్జీలు వంతులవారీగా పోర్ట్ బ్లెయిర్ వచ్చి అప్పీళ్ళు వింటారు. ఈసారి వచ్చేది చిన్నతాతేనని తెలిసి వాడంతా గెలిచేసినట్టే పొంగిపోయింది. ఆయన వచ్చాడు, కానీ ఫెర్రీ ఎక్కి మా ఒడ్డుకు రాలేదు. పంపిన చేపలు గెస్టుహౌస్ గేటు నుంచే వెనక్కి వచ్చాయి.

"ఏటప్పా, నీ తమ్ముడు దరియా దాటడం బూల్ గయాడేటి?" అని, సముద్రం దాటడం మరిచిపోయాడేమోనని, పొరుగింటి ఎర్రయ్య మావ మా హిందీ కలిసిన తెలుగులో ఎగతాళి చేశాడు.

కేసు రోజున అందరం కోర్టుకెళ్ళాం. మా కేసు పిలవగానే చిన్నతాత మా వరుస వైపు కన్నెత్తకుండా, ఇందులో తనవాళ్ళున్నారని, దీన్ని మరో జడ్జీ వినాలని చెప్పి, తరువాతి కేసు పిలిపించాడు. ఫెర్రీలో ఎర్రయ్య మావ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"సొంతోడై ఉండి మనల్ని నట్టేట ముంచీసినాడు!"

"నోరుముయ్యరా. తీర్పు ముందర ఆడు ఎనక్కి తిరగనేదు. నేర్పింది నేనే" అంది నాయనమ్మ. కానీ ఆ వారమంతా ఆమెకు అన్నం సయించలేదు. ఒడ్డు పోతుందనో, తమ్ముడు దూరమయ్యాడనో, ఆమె చెప్పలేదు.

మళ్ళీ వానలు వెళ్ళాక వేరే జడ్జీ వచ్చాడు, విన్నాడు, ఒడ్డు మాదేనన్నాడు. ఆ తరువాత ఒక సాయంత్రం, కారూ బంట్రోతూ లేకుండా, ఫెర్రీ దిగి చేతిలో చెప్పులు పట్టుకుని ఇసకలో నడుచుకుంటూ వచ్చాడు చిన్నతాత. నాయనమ్మ సముద్రం వైపు కూర్చుని వల అల్లుతోంది.

"అప్పా" అన్నాడు, చిన్నప్పుడు అక్కను పిలిచినట్టే.

ఆమె నిదానంగా పీట తిప్పింది. "ఫైసలా అయిపోనాది గదా. ఇప్పుడు సూడొచ్చు నీ మొకం. ఓలమ్మో, ఎంత ముసిలోడివైపోనావురా!"

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. కోర్టు ఇచ్చిన ఆ ఒడ్డు సునామీకి నేల కుంగి నీళ్ళలోకి పోయింది. సముద్రం తీర్పు మీద అప్పీలు లేదు. గవ్వలాట ఆడే పిల్లలూ లేరు. తగువులు మాత్రం ఉన్నాయి, చదువుకున్నదాన్నని అవి నా దగ్గరికే వస్తున్నాయి. నిన్న మా మేనల్లుడు తన పడవ తగువుతో వచ్చాడు.

"అత్తా, ఏక్ మినిట్, నా మాట సునోనా" అన్నాడు.

నేను పీట సముద్రం వైపు తిప్పుకుని, వేరే పెద్దమనిషి దగ్గరికి పొమ్మన్నాను. తనవాళ్ళ తగువుకు తాను తీర్పరి కాకూడదని పుస్తకంలో చదవకముందే నాకు తెలుసు. వాడు అలిగి వెళ్ళాడు. తీర్పయ్యాక వస్తాడు. వాడికి నెత్తళ్ళంటే ఇష్టం. ఒడ్డు లేదు గనక, వాన తెరిపిచ్చినప్పుడల్లా వాడి కోసం డాబా మీదే ఎండబెడుతున్నాను.