సర్వర్ గదిలో రావిర్యాల బావ

ఆ రోజుల్లో నా చదువెంతని ఎవరైనా అడిగితే తొమ్మిదో తరగతి దాకా అని గర్వంగా చెప్పేవాణ్ణి. (పదో తరగతి వాళ్లు నాకోసం ఎదురుచూసి ఎదురుచూసి, ఇక లాభం లేదని పరీక్షలు రాసేశారు.) అయినా శంషాబాద్ విమానాశ్రయం పక్కన, సరుకును విమానాలకెక్కించే ఒక చిన్న ఆఫీసులో ముందు గది కుర్చీ నాకే దొరికింది. నోరుండబట్టి దొరికింది. మామిడిపల్లి నుంచి ఆరాంఘర్ దాకా ఎవరింటి పిల్లను ఎవరింటికిచ్చారో నా నాలుక చివరన ఉండేది. ఎవరొచ్చినా వాళ్ల ఊరు, ఇల్లు, అక్కచెల్లెళ్ల అత్తగారిళ్లు అడిగి, మూడో మాటకల్లా ఏదో ఒక వరుస కలిపి కూర్చోబెట్టేవాణ్ణి. ఇప్పుడలాంటి ఆఫీసుల్లో వేలిముద్ర పెడితే తప్ప తలుపు తెరుచుకోదు. వేలికి చుట్టరికాలతో పనిలేదు, దాని బతుకు హాయి.

మా బాపు తోట మామిడికాయలు మొదటిసారి విమానమెక్కాల్సిన రోజు అది. ఒక వ్యాపారి కాయలు కొని దుబాయికి పంపుతున్నాడు, కాగితాలు చేసేది మా ఆఫీసే. బాపు ఆ ముచ్చట ఊరంతా చెప్పేసి, కొత్త తువ్వాల భుజాన వేసుకుని, విమానం లేచేదాకా కదలనని పొద్దున్నే వచ్చి మా వరండా బెంచీ మీద కూర్చున్నాడు. లోడు సాయంత్రం విమానానికి పోకపోతే ఆ వ్యాపారి మళ్లీ మా తోట మొహం చూడడు. ఊళ్లో బాపు తలెత్తుకోలేడు.

సరిగ్గా ఆ రోజే మా కంప్యూటర్‌లో సంతకాలు ఆగిపోయాయి. మా కాగితాలన్నీ డిజిటల్ సంతకంతోనే పోవాలి. ఆ సంతకం వెనకున్న సర్టిఫికెట్ అసలుదా నకిలీదా అని చూడ్డానికి సాఫ్ట్‌వేర్ లోపల ఒక లైబ్రరీ ఉంటుందట. (పుస్తకాలుండేది కాదు. ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రాం ముక్క, అందరూ తెచ్చుకుని తమ సాఫ్ట్‌వేర్‌లో అతికించుకుంటారు.) దానిలో నకిలీ సర్టిఫికెట్లు దూరిపోయే కంత ఒకటి బయటపడిందని, మనిషిని పంపి ప్యాచ్ వేయించేదాకా వాడొద్దని అమ్మిన కంపెనీ వాళ్లు ఆపేశారు. మా మేనేజర్ సారుది కోస్తా వైపు. ఆయన కస్టమ్స్ ఆఫీసుకు పరుగెత్తుతూ గుమ్మంలో ఆగి నాతో అన్నాడు: "ఇంజనీరు గారు వస్తారు. ఎవరో ఏమిటో బాగా కనుక్కుని మరీ సర్వర్ గదిలోకి పంపవయ్యా."

కనుక్కోవడమే కదా నా విద్య. కాసేపటికి చేతిసంచీతో ఒకాయన వచ్చాడు. సంచీలోంచి స్క్రూడ్రైవర్ తొంగిచూస్తోంది.

"ఏ ఊరన్నా మనది?"

"రావిర్యాల."

"రావిర్యాలల ఎవలింటోళ్లు?"

చెప్పాడు. వాళ్ల అక్కను మామిడిపల్లిలోనే ఇచ్చారని కూడా చెప్పాడు. ఎవరింట్లో అని లాగితే, మా పెద్దమ్మ తోటికోడలి ఇంట్లోనే. అంటే వరుసకు బావ. బావ అని తేలాక ఇంకా ప్రశ్నలడగడం మర్యాద కాదు, చాయ్ అడగాలి. అడిగాను. చల్లగా ఉంటుందని స్వయంగా సర్వర్ గదిలోకి తీసుకెళ్లి, తిరిగే కుర్చీలో కూర్చోబెట్టాను. సారు ఫోన్ చేసి వచ్చారా అంటే, వచ్చిండు సార్, మనోడే అని ధీమాగా చెప్పాను.

ఆ తర్వాత ఒకమ్మాయి ఆటో దిగి మెడలో కార్డు చూపించింది, ఫోన్‌లో ఏదో ఉత్తరం కూడా చూపించబోయింది. నేను కార్డు వైపు చూడనైనా లేదు. కార్డులు ఎవరైనా అచ్చు వేయిస్తారు.

"కంపెనీ సంగతి గట్లుండనియ్యి మేడం, ఈడ మిమ్ముల ఎరికైనోళ్లు ఎవలన్న ఉన్నరా?"

"లేరండీ. ఇటువైపు రావడం ఇదే మొదటిసారి."

నాకు జాలేసింది. పోయి బాపు పక్కన బెంచీ మీద కూర్చోమన్నాను. ఎండ నడినెత్తికొచ్చింది. లోపల బావ రెండో చాయ్ తాగుతున్నాడు. పని ఎందాకా వచ్చిందని తలుపులోంచి అడిగితే, నీళ్ల లైన్ ఎటుందో చూపిస్తే చిటికెలో అయిపోతుందన్నాడు. కంప్యూటర్‌కు నీళ్లెందుకా అని నాకు అనుమానం రాలేదు. (వేడెక్కుతుందేమో అనుకున్నాను.)

అప్పుడు వచ్చాడు బాపు, చెప్పులు వదిలేసి, చెమటతో. బెంచీ మీద ఊరికే కూర్చోలేక పక్కనున్న పిల్లను ఏం పని మీద వచ్చావు బిడ్డా అని అడిగాడట.

"ఓరి, ఆ సంతకాల కంప్యూటర్ బాగుచేసేది ఈ బిడ్డేనటరా. పొద్దటి సంది ఎండల కూసోబెట్టినవు. మరి లోపట కూసున్నోడు ఎవడు?"

లోపల కూర్చున్నది తాగే నీళ్ల ఫిల్టర్ మార్చడానికొచ్చిన మనిషి. అన్నీ అడిగిన నేను, ఎందుకొచ్చావని మాత్రం అడగలేదు. బావ మాత్రం ఏ ఆఫీసులోనూ తనకింత గౌరవం జరగలేదని, లేవడానికి కాస్త బాధపడ్డాడు.

ఇంజనీరమ్మ వెంటనే పనిలో కూర్చుంది. సారు రొప్పుతూ వచ్చేసరికి ప్యాచ్ ఎక్కుతోంది. ఇంతకీ ఆ కంత ఏమిటండీ అని అడిగాడాయన.

"సర్టిఫికెట్ ఇచ్చిందెవరో చూస్తుందండీ, వాళ్లకు ఇచ్చిందెవరో కూడా చూస్తుంది. కానీ మధ్యలో ఉన్నవాళ్లకు ఇంకొకరికి ఇచ్చే అధికారం ఉందా అని అడగదు."

అంటే పెళ్లికి పిలుపందుకున్నవాడు తనూ పిలుపులు పంచుతుంటే, అందర్నీ బంతిలో కూర్చోబెట్టేయడమన్నమాట. సారు తల తిప్పి నా వైపు చూశాడు. బాపు కూడా చూశాడు. ఫిల్టర్ బావ కూడా చూశాడు, అది అన్యాయం.

సంతకాలు పడ్డాయి. లోడు కదిలింది. పొద్దువాలాక బాపు రోడ్డు మీద నిలబడి, లేచిన ప్రతి విమానాన్నీ గిదేనా అని అడిగాడు. ఏది దుబాయిదో, ఏది ఢిల్లీదో నాకేం తెలుసు? ఒకదానికి వేలు చూపించి "గిదే బాపూ" అన్నాను. ఆయన తువ్వాల దించి చేతిలో పట్టుకుని, అది చుక్కంతయ్యేదాకా చూశాడు. ఏమీ తెలియకుండా అంత నమ్మకంగా వేలు చూపించిన ఆ పిల్లవాడంటే నాకిప్పుడు నవ్వూ వస్తుంది, కాస్త అసూయా కలుగుతుంది. ఇప్పుడు ఆటో నడుపుకుంటున్న నేను కూడా ఓటీపీ చెప్పనిదే ఎవరినీ ఎక్కించుకోవడం లేదు.

ఆ సాయంత్రం ఇంజనీరమ్మను సాగనంపుతూ నా తరఫు వాదన కూడా వినిపించాను. "నేనడిగినయన్నీ ఆయన నిజమే చెప్పిండు మేడం. ఒక్కటన్న అబద్ధముందా? ఇగ నా తప్పేముంది?"

ఆమె ఆటోలో సర్దుకుని కూర్చుంది. "మా లైబ్రరీ కూడా సరిగ్గా అదే అంటుందండీ. కాకపోతే దానికి ప్యాచ్ దొరికింది."