కాళ్లు పట్టుకునే మాట

కళింగపట్నంలో మా పెదమావయ్య పోయాడని ఫోన్ వచ్చేసరికి నేను కోటబొమ్మాళి బడిలో తొమ్మిదో తరగతికి పాఠం చెబుతున్నాను. పుస్తకం బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను. ముందు ఏడుపు రాలేదు. ఆదివారం వెళ్లి చెబుదామనుకున్న మాట ఇంక చెప్పే వీల్లేదని మాత్రం తెలిసింది.

ఆయన మా అమ్మకు అన్న. సముద్రం మీద వేటకు వెళ్లే ఇంట పుట్టి, ఓడల్లో వంటవాడిగా చేరాడు. ఓసారి ఓడ చెడిపోయి ఆఫ్రికాలోని మొంబాసా రేవులో ఆగిపోతే, అక్కణ్ణుంచి లాము అనే దీవికి వెళ్లి కొన్ని నెలలు ఉన్నాడట. ఆ కొన్ని నెలల గురించే ఏళ్ల తరబడి చెప్పుకున్నాడు. పగడపు రాయితో కట్టిన ఇళ్లు, చెక్కడపు తలుపులు, బండి పట్టని సందుల్లో గాడిదలు. ఇంటి ముందు రాతి అరుగుని బరాజా అంటారట. పూర్వం అక్కడా మేకులు కొట్టకుండా కొబ్బరితాడుతో పడవలు కుట్టేవారని విని, మన కుట్టుపడవల సంగతి వాళ్లకి చెప్పి వచ్చానని మురిసిపోయేవాడు.

"సవాహిలి అంటే ఏటనుకున్నావే గుంటా, తీరపోళ్లని. అలగైతే మనమూ ఆళ్లమే కదా" అనేవాడు.

వాళ్ల స్వాహిలి భాషలో నాకు ఒక పలకరింపు కూడా నేర్పాడు. అక్కడ పిల్లలు పెద్దవాళ్లని చూడగానే షికమో అనాలి. నీ కాళ్లు పట్టుకుంటున్నాను అని దానర్థమట. పెద్దవాళ్లు మరహబా అని బదులివ్వాలి. నేను నిజంగానే ఆయన కాళ్లు పట్టుకుని, బదులు వచ్చేదాకా వదిలేదాన్ని కాదు. నోట్లో చుట్ట ఉంటే అది తీసి మరీ మరహబా అనేవాడు.

నేను టీచర్నయ్యాక, వాస్కోడగామా ఆఫ్రికా తీరం వెంట మన దేశం చేరుకున్న పాఠం వచ్చినప్పుడు, ఆ తీరాన్ని కళ్లారా చూసినవాడని మావయ్యను బడికి పిలిచాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆ భాషలో మాటలు చెప్పమన్నారు పిల్లలు. చాయ్ అన్నాడు, చపాతి అన్నాడు. బండిని గారి అంటారన్నాడు, ఊరగాయని అచారి అంటారన్నాడు. పిల్లలు గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. నవ్వి ఊరుకున్నా బాగుండేది. హిందీ మాటలు చెప్పి పిల్లల్ని ఆటపట్టించకు మావయ్యా అన్నాను, బి.ఇడి. చదివిన తెలివంతా చూపించుకుంటూ.

ఆయన కాసేపు నల్లబల్ల కేసి చూసి, "నాకలగే ఇనపడ్డాది, టీచరమ్మా" అన్నాడు. గుంటా అనలేదు.

ఆ తర్వాత కూడా మా ఇంటికి వచ్చేవాడు, ఎండుచేపలు తెచ్చేవాడు. లాము మాట మాత్రం ఎత్తలేదు. నేనూ అడగలేదు.

పోయిన నెలలో ఒక పుస్తకంలో చూశాను. ఆ మాటలన్నీ స్వాహిలిలో నిజంగా ఉన్నవే. ఋతుపవనాల గాలి పట్టుకుని వందల ఏళ్లు ఆ రేవులకు తిరిగిన మన వర్తకులతోనూ, తర్వాత అక్కడే స్థిరపడ్డ మనవాళ్లతోనూ వెళ్లి ఆ భాషలో కలిసిపోయాయట. మీతో చెప్పడానికేం, సిగ్గుతో చచ్చిపోయాను. వెంటనే వెళ్లి చెప్పొచ్చు కదా. ఒక ఆదివారం పరీక్ష పేపర్లు అడ్డమొచ్చాయి, ఇంకో ఆదివారం ఎండ.

నేను వెళ్లేసరికి ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. కాళ్ల దగ్గర కూర్చుని, రెండు చేతులా పట్టుకుని, షికమో అన్నాను. కాళ్లు పట్టుకోవడమంటే మన దగ్గర క్షమించమని అడగడం కూడా. రెండు అర్థాలూ కలిపే అన్నాను.

పక్కనున్న అత్త ఆ మాట విని నా వైపు తిరిగింది. "మీ బడి కాడ్నించొచ్చిన్రోజు నన్నడిగినాడే, నాకే తప్పుగా గేపకమున్నాదేటని. అప్పుట్నించి ఆ ఊరి మాటెత్తితే, ఏమో, నిజంగా సూసినానో లేదో అనీవోడు" అంది.

మోసేవాళ్లు వచ్చి లెమ్మంటున్నారు. దారంతో కలిపి కట్టిన ఆ రెండు బొటనవేళ్లనీ నేనింకా వదల్లేదు. బదులు రాలేదు కదా.